కొంబుచా సీసాలో ఏముంది? పులుపు, చక్కెర, ఆల్కహాల్ కొలిచే పద్ధతి

కొంబుచా అంటే పులియబెట్టిన తీపి టీ. చేయడం తేలికే. తీపి టీ చల్లార్చి, పాత కొంబుచా కొంత కలిపి, స్కోబీ (ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి ఉండే జిగురు బిళ్ల) వేసి, పైన గుడ్డ కట్టి వారం పది రోజులు ఆగితే చాలు. ఇంట్లోవాళ్లు తాగడానికైతే రుచి చూసి సరిపెట్టుకోవచ్చు. సీసాల్లో పోసి, లేబుల్ అంటించి నలుగురికీ అమ్మడం మొదలుపెట్టాక మాత్రం రుచి ఒక్కటే చాలదు. ఈ నెల చేసిందీ పోయిన నెల చేసిందీ ఒకేలా ఉందా, తాగేవాళ్లకు ఇబ్బంది లేదా, చట్టం గీసిన గీత దాటలేదు కదా అన్న ప్రశ్నలకు అంకెల్లో జవాబు ఉండాలి.

చిన్నగా మొదలుపెట్టినవాళ్లు కొలతలను జాడీ దగ్గరే ఆపేయడం ఎక్కువగా చూస్తుంటాం. పీహెచ్ (ఆమ్లం ఎంతో చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత ఆమ్లం) చూస్తారు, బాగుంది అనుకుంటారు, సీసాల్లో నింపేస్తారు. కానీ కొంబుచాలో లెక్క తప్పేది మూత బిగించాకే. ఎందుకో ముందు తెలుసుకుంటే ఏది ఎప్పుడు కొలవాలో సులువుగా అర్థమవుతుంది.

లోపల జరిగేది

స్కోబీలోనూ దాని కింది ద్రవంలోనూ ఈస్ట్, బ్యాక్టీరియా రెండూ ఉంటాయి. ఈస్ట్ పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విరగ్గొట్టి, వాటిని ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. బ్యాక్టీరియా ఆ ఆల్కహాల్‌ను గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. వెనిగర్‌లో ఉండేది ఇదే ఆమ్లం. గ్లూకోజ్‌లో కొంత గ్లూకోనిక్ ఆమ్లంగానూ మారుతుంది.

జాడీ మీద గుడ్డే ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది. ఈస్ట్ చేసిన ఆల్కహాల్‌ను బ్యాక్టీరియా ఎప్పటికప్పుడు ఖర్చు చేస్తుంటుంది. సీసా మూత బిగించాక కొత్తగా ఆక్సిజన్ రాదు, బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది. ఈస్ట్‌కు ఆక్సిజన్ అక్కర్లేదు, చక్కెర ఉంటే చాలు, దాని పని అది చేసుకుపోతుంది. అంటే సీసాలో ఆల్కహాల్ పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. జాడీలో 0.3 శాతం చూపించిన సరుకు షాపు ఫ్రిజ్‌లో నెల తర్వాత ఎంత చూపిస్తుందో సీసా తెరిచి కొలిస్తేనే తెలుస్తుంది.

మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఘనపరిమాణంలో 0.5 శాతం మించి ఆల్కహాల్ ఉంటే అది మద్యం కింద లెక్క. అమెరికాలోనూ గీత అదే అంకె దగ్గర ఉంది. 2010లో అక్కడ హోల్ ఫుడ్స్ దుకాణాలు కొంబుచా సీసాలను షెల్ఫుల్లోంచి తీసేసింది ఈ ఆల్కహాల్ అనుమానంతోనే.

ముందుగా నమూనా

పరికరాల సంగతి తర్వాత. నమూనా సరిగ్గా తీయకపోతే ఎంత ఖరీదైన మీటరూ పనికిరాదు.

జాడీలోంచి తీసేటప్పుడు స్కోబీని పక్కకు జరిపి, శుభ్రమైన పిపెట్‌తో మధ్య లోతులోంచి తీయండి. పైపొరకు గాలి ఎక్కువ తగులుతుంది, అడుగున ఈస్ట్ మడ్డి చేరుతుంది, మధ్యలోది వేరుగా ఉంటుంది. మీటర్ ప్రోబ్‌ను నేరుగా జాడీలో ముంచకండి. ఒక చిన్న బీకరులోకి తీసుకుని కొలిచి, ఆ ద్రవాన్ని పారబోయండి, తిరిగి జాడీలో కలపొద్దు.

సీసాల విషయంలో ఇంకో మెలిక ఉంది. నింపుతున్నకొద్దీ అడుగునున్న మడ్డి కదిలి చివరి సీసాల్లోకి ఎక్కువగా చేరుతుంది. ఒకే బ్యాచ్‌లో మొదటి సీసా చప్పగా, చివరి సీసా మూత తీయగానే పొంగేలా ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి ప్రతి బ్యాచ్‌లో మొదట నింపినవి, మధ్యలోవి, చివరివి కొన్ని కొన్ని పక్కన పెట్టండి. మూత మీద పెర్మనెంట్ మార్కర్‌తో మొ, మ, చి అని రాస్తే చాలు.

పులుపు కొలిచే నమూనాలో గ్యాస్ ఉండకూడదు. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఆమ్లంలాగే లెక్కలోకి వచ్చేస్తుంది. హోటల్లో టీ తిరగబోసినట్టు రెండు బీకర్ల మధ్య నురగ ఆగేదాకా అటూ ఇటూ పోయండి. వేడి చేయకండి, ఎసిటిక్ ఆమ్లం ఆవిరైపోతుంది. ఆల్కహాల్ కోసం ఉంచిన నమూనాను మాత్రం ఇలా తిరగబోయకూడదు. దాన్ని చల్లగా, నిండా నింపి, మూత బిగించి విడిగా ఉంచండి.

పీహెచ్: భద్రత కోసం

పీహెచ్ కాగితాలు వద్దు. టీ రంగు వాటి రంగును కప్పేస్తుంది, 3కీ 3.5కీ తేడా కంటికి ఆనదు. రెండు దశాంశాల డిజిటల్ మీటరు కొనండి. వాడే రోజు పొద్దున్నే పీహెచ్ 7.00, 4.01 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో మీటరును సరిచూసి కాలిబ్రేట్ చేయండి. ఒకసారి సీసాలోంచి పోసుకున్న బఫర్‌ను తిరిగి అదే సీసాలో పోయకండి. ప్రోబ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఉంచితే పాడైపోతుంది. దానికోసమే అమ్మే పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. కొత్త మీటరు రెండు నెలలకే పిచ్చి రీడింగులు ఇస్తుందని వినపడే ఫిర్యాదుల వెనక చాలావరకు ఉండేది ఈ డిస్టిల్డ్ వాటరే.

మొదటిరోజు, స్టార్టర్ (పాత కొంబుచా) కలిపిన వెంటనే, పీహెచ్ 4.5 కంటే కింద ఉండాలి. లేకపోతే ఇంకొంచెం పాత కొంబుచా కలపండి. బూజు, హానికర బ్యాక్టీరియా పాగా వేసేది ఈ తొలి రోజుల్లోనే. ఏడు రోజుల్లో 4.2 కిందికి దిగకపోతే ఆ బ్యాచ్ మీద ఆశ వదులుకుని పారబోయడం మేలు. రెండో వైపు 2.5 కంటే కిందికి పోనివ్వకండి.

పాత్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంత పులుపు రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలను తినేస్తుంది. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే పింగాణీ జాడీ చూడగానే కొంబుచాకు బాగుంటుందనిపిస్తుంది. కానీ పైపూతలో సీసం ఉందో లేదో తెలియని జాడీని వాడొద్దు. పింగాణీ కుండలో చేసిన కొంబుచా తాగి సీసం విషం ఎక్కిన కేసును 1998లో ఆస్ట్రేలియా డాక్టర్లు వైద్య పత్రికలో ప్రచురించారు. గాజు జాడీయే వాడండి.

టైట్రేషన్: రుచి కోసం

పీహెచ్ చూస్తున్నాం కదా, మళ్లీ ఇదెందుకు అని అడుగుతారు. పీహెచ్ చెప్పేది భద్రత గురించి. నాలుకకు తగిలే పులుపు ఎంతో అది సరిగ్గా చెప్పదు. నీళ్లలో ఎసిటిక్ ఆమ్లం ఒక్కటే ఉందనుకోండి, దాన్ని రెట్టింపు చేసినా పీహెచ్ 0.15 మాత్రమే తగ్గుతుంది. అంటే పీహెచ్ 3.05 ఉన్న సీసా, 2.90 ఉన్న సీసా మీటరు మీద పక్కపక్కనే కనిపిస్తాయి, తాగితే మాత్రం ఒకటి హాయిగా ఉంటుంది, ఇంకోటి గొంతులో గీరుతుంది. మొత్తం ఆమ్లాన్ని తూచాలంటే టైట్రేషనే దారి, అంటే బలం తెలిసిన క్షారాన్ని కొద్దికొద్దిగా పోస్తూ ఆమ్లం తీరిపోవడానికి ఎంత పట్టిందో చూడటం. ఇంటర్‌లో సైన్స్ చదివినవాళ్లకు ప్రాక్టికల్స్‌లో పట్టుకున్న బ్యూరెట్ గుర్తుండే ఉంటుంది, ఇదీ అదే.

కావలసినవి: బ్యూరెట్, 10 మి.లీ. పిపెట్, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, మీ పీహెచ్ మీటరు. సోడియం హైడ్రాక్సైడ్ అంటే కాస్టిక్ సోడానే, కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. మీరే కలుపుకుంటే లీటరుకు 4 గ్రాములు. నీళ్లలో కాస్టిక్ సోడా వేయాలి, దాని మీద నీళ్లు పోయకూడదు.

ఈ ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని రోజురోజుకూ బలం తగ్గుతుంది. అందుకే దాని అసలు బలం ఎంతో అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ అనే తెల్లటి పొడి 0.4084 గ్రాములు తూచి నీళ్లలో కరిగించి టైట్రేట్ చేయండి. ద్రావణం సరిగ్గా 0.1 నార్మల్ ఉంటే 20.0 మి.లీ. పడుతుంది. 20.6 పడిందంటే బలం తగ్గిందన్నమాట, 20ని 20.6తో భాగించి 0.1తో గుణిస్తే అసలు నార్మాలిటీ 0.097 వస్తుంది.

ఇక కొలత. గ్యాస్ తీసేసిన కొంబుచా 10 మి.లీ. బీకరులోకి పిపెట్‌తో తీసుకోండి. మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్ 40 మి.లీ. కలపండి. మామూలుగా ఫినాఫ్తలీన్ వేసి గులాబీ రంగు కోసం చూస్తారు కానీ, టీతో అది కుదరదు. క్షారం పడేకొద్దీ టీలోని పాలీఫినాల్స్ ముదురు గోధుమ రంగులోకి మారిపోతాయి, గులాబీ రంగు అందులో కలిసిపోతుంది. అందుకని ప్రోబ్‌ను బీకరులో ఉంచి, కలుపుతూ, పీహెచ్ 8.2 చూపించేదాకా బ్యూరెట్ వదలండి. 6 దాటాక చుక్కచుక్కగా వదలాలి. అక్కడినుంచి అంకె ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, తొందరపడితే 9 దాటిపోతుంది.

లెక్క చాలా సులువు. ద్రావణం 0.1 నార్మల్ అయితే, 10 మి.లీ. నమూనాకు ఎన్ని మి.లీ. పడితే దాన్ని 0.6తో గుణించండి. వచ్చేది లీటరుకు గ్రాముల్లో ఆమ్లం, మొత్తాన్నీ ఎసిటిక్ ఆమ్లంగా లెక్కగట్టి. 8.2 మి.లీ. పడితే 4.9 గ్రాములు. ప్రతి నమూనాకూ రెండుసార్లు చేయండి, రెండు రీడింగుల మధ్య 0.1 మి.లీ. కంటే ఎక్కువ తేడా ఉంటే మూడోసారి చేయండి.

ఎంత ఉండాలన్నది మీ రుచి, మీ కస్టమర్ల రుచి. నా మటుకు 4 నుంచి 6 మధ్య బాగుంటుంది, 8 దాటితే పచ్చళ్లలోకి పనికొస్తుంది. మీకు నచ్చిన బ్యాచ్ అంకెను పట్టుకుని, జాడీలో అది రాగానే ఆపేయండి. విజయవాడ ఎండల్లో ఐదోరోజుకే వచ్చే అంకె డిసెంబరులో పదిరోజులైనా రాకపోవచ్చు. క్యాలెండర్ చూసి సీసాలు నింపే అలవాటు మానేస్తే బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య తేడాలు సగం తగ్గిపోతాయి.

చక్కెర

చేతిలో పట్టుకునే రిఫ్రాక్టోమీటర్ ద్రవంలో కాంతి ఎంత వంగుతుందో చూసి బ్రిక్స్ అంకె ఇస్తుంది, అంటే వంద గ్రాముల్లో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో. మొదటిరోజు తీపి టీకి అది బాగా పనిచేస్తుంది. లీటరుకు 70 గ్రాముల పంచదార వేస్తే సుమారు 7 చూపించాలి, లేకపోతే తూకంలోనో కలపడంలోనో తేడా వచ్చిందన్నమాట. పులిశాక మాత్రం ఆ అంకెను చక్కెర అని లేబుల్ మీద రాయకండి. ఆల్కహాల్, ఆమ్లాలు కూడా ఆ రీడింగులో కలిసిపోతాయి. పంచదార విరిగేటప్పుడు నీటి అణువు కలుస్తుంది కాబట్టి 342 గ్రాముల పంచదార 360 గ్రాముల గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. దాంతో తొలి రోజుల్లో బ్రిక్స్ తగ్గకపోగా ఒక్కోసారి కాస్త పెరుగుతుంది కూడా.

ఇంట్లో షుగర్ చూసుకునే గ్లూకోమీటరు వాడొచ్చా అని అడిగేవాళ్లున్నారు. అది గ్లూకోజ్‌ను మాత్రమే చూస్తుంది, ఫ్రక్టోజ్, విరగని పంచదార దానికి కనపడవు. పైగా రక్తానికి తయారుచేసిన స్ట్రిప్ ఇంత పులుపులో ఎలా నడుస్తుందో చెప్పలేం. లేబుల్ మీద రాయాల్సిన చక్కెర అంకెకు ల్యాబ్ రిపోర్టే తీసుకోండి.

ఆల్కహాల్: అసలు పని ఇక్కడే

బీరు తయారుచేసేవాళ్లు మొదటి సాంద్రత, చివరి సాంద్రత హైడ్రోమీటర్‌తో చూసి, తేడాను 131.25తో గుణించి ఆల్కహాల్ శాతం చెప్పేస్తారు. ఆ సూత్రం కొంబుచాకు పనికిరాదు. పుట్టిన ఆల్కహాల్‌లో చాలాభాగం ఆమ్లమైపోయి ఉంటుంది, ఆ లెక్కకు అది తెలియదు.

కొలవడానికి ముందు ఒక కాగితం లెక్క వేసుకోండి. 0.5 శాతం ఆల్కహాల్ అంటే లీటరులో 5 మి.లీ., తూకంలో సుమారు 4 గ్రాములు. అంత ఆల్కహాల్ పుట్టడానికి ఈస్ట్‌కు 7 నుంచి 8 గ్రాముల పంచదార చాలు. నింపేటప్పుడు మీ సీసాలో లీటరుకు ఇంకా 40 గ్రాములు మిగిలి ఉందనుకోండి, గీత దాటడానికి అందులో అయిదో వంతు సరిపోతుంది. రుచికోసం లీటరుకు 50 మి.లీ. బంగినపల్లి గుజ్జు కలిపారా, ఆ గుజ్జులోని చక్కెర ఒక్కటే దాదాపు అంత ఉంటుంది.

అదే చర్యలో గ్యాస్ కూడా పుడుతుంది. ఈస్ట్ ప్రతి గ్రాము ఆల్కహాల్‌తోపాటు దాదాపు గ్రాము కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. లీటరు ద్రవంలో లీటరు గ్యాస్ కరిగి ఉందంటే అది సుమారు 2 గ్రాములు, దాంతోపాటు 0.26 శాతం ఆల్కహాల్ పుట్టి ఉండాలి. కూల్‌డ్రింక్‌లో ఉన్నంత గ్యాస్ అంటే లీటరుకు మూడున్నర లీటర్లు. అంత గ్యాస్ మొత్తం సీసాలో ఈస్టే చేసిందంటే ఆల్కహాల్ 0.9 శాతం చేరినట్టే, మూత పెట్టేముందు ఉన్నది కాకుండా. కాబట్టి ‘సహజమైన గ్యాస్, ఆల్కహాల్ లేదు’ అని రాసి, మూత తీయగానే సోడాలా పొంగే సీసాను ఎవరైనా చూపిస్తే ఆ లేబుల్‌ను నమ్మకండి. మీ సీసాయే అలా ఉంటే వెంటనే టెస్టుకు పంపండి. సిలిండర్ నుంచి గ్యాస్ ఎక్కించిన సీసాలకు ఈ లెక్క వర్తించదు.

ఇక టెస్ట్. పాత పద్ధతి డిస్టిలేషన్. 100 మి.లీ. కొంబుచాను ముందు కాస్టిక్ సోడాతో తటస్థం చేస్తారు, లేకపోతే ఎసిటిక్ ఆమ్లం కూడా ఆవిరై వచ్చి సాంద్రతను పెంచి ఆల్కహాల్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. తర్వాత వేడిచేసి, ముప్పావు వంతు పైగా పట్టుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ 100కు నింపి, పిక్నోమీటర్‌లో (కచ్చితమైన కొలత పట్టే చిన్న గాజు సీసా) తూస్తారు. 20 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9982, 0.5 శాతం ఆల్కహాల్ ఉన్న నీటిది 0.9975. 50 మి.లీ. పిక్నోమీటర్‌లో ఈ తేడా 37 మిల్లీగ్రాములు మాత్రమే. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే జవాబు 0.14 శాతం మారిపోతుంది. అందుకే అదే పిక్నోమీటర్‌తో, అదే నీటి తొట్టిలో ఉంచి, వట్టి డిస్టిల్డ్ వాటర్‌ను కూడా తూచి రెంటినీ పోల్చాలి. నాలుగు దశాంశాల త్రాసు లేకపోతే మొదలుపెట్టకండి. ఈ సెట్టును ఇంట్లో పెట్టుకోమని నేను సలహా ఇవ్వను. పరికరాల ఖర్చు ఒకటైతే, ఎక్సైజ్ వాళ్లు వచ్చి ఇదేమిటంటే సంజాయిషీ చెప్పుకునే టెన్షన్ ఇంకోటి. దగ్గర్లోని కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌తో మాట్లాడుకోవచ్చు.

లేబుల్ కోసం, వివాదం వస్తే చూపించడం కోసం మాత్రం ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయించండి. అడిగేటప్పుడు ‘హెడ్‌స్పేస్ జీసీ’ అని స్పష్టంగా అడగండి. మూసిన చిన్న సీసాలో ద్రవం పైనుండే ఆవిరిని తీసుకుని కొలిచే పద్ధతి అది, చక్కెరా టీ రంగూ అడ్డురావు. నమూనాను ఐస్ బాక్సులో పంపండి. మామూలు కొరియర్‌లో మూడు రోజులు ఎండలో తిరిగితే దారిలోనే ఆల్కహాల్ పెరిగి, మీది కాని అంకె మీ పేరుమీద వస్తుంది.

ఏ సీసా పంపాలి? ఒకటి నింపినరోజుది. ఒకటి ఫ్రిజ్‌లో ఎక్స్‌పైరీ తేదీదాకా ఉంచినది. ఇంకోటి, అందరూ వదిలేసేది, వారం రోజులు బయట 35 డిగ్రీల్లో ఉంచినది. డెలివరీ స్కూటరు మీదో, కరెంటు పోయిన షాపులోనో మీ సరుకు పడే పాట్లకు అది నమూనా. ఆ మూడోదాన్ని మందపాటి అట్టపెట్టెలో పెట్టి, పైన గుడ్డ కప్పి ఉంచండి, గాజు పగిలితే ముక్కలు ఎగురుతాయి. మూడూ ‘చి’ అని రాసిన చివరి సీసాల్లోంచే తీసుకోండి.

మిగతా టెస్టులు

పాలీఫినాల్స్, కెఫీన్, ఒక్కో ఆమ్లం విడివిడిగా కావాలంటే ల్యాబే గతి. మొత్తం పాలీఫినాల్స్‌ను ఫోలిన్ పద్ధతిలో నీలిరంగు వచ్చేలా చేసి 765 నానోమీటర్ల దగ్గర చదువుతారు. టీకి అది బాగానే ఉంటుంది. కొంబుచాలో మిగిలిన చక్కెరలు, మీరు వేసిన నిమ్మరసంలోని విటమిన్ సి కూడా ఆ రంగులో వాటా అడుగుతాయి. కాబట్టి ఆ అంకెను మీ బ్యాచ్‌ల మధ్య పోలికకు వాడుకోండి, లేబుల్ మీద గొప్పగా రాసుకోకండి. గ్లూకురోనిక్ ఆమ్లం ఉంది, లివర్‌ను శుభ్రం చేస్తుంది అని రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. కొంబుచాలో ఎక్కువగా కనిపించేది గ్లూకోనిక్ ఆమ్లం, అది వేరు. ఒక్కో ఆమ్లాన్నీ విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు చేతిలో లేకుండా ఆ పేరు ఎత్తొద్దు, ఉన్నా లివర్ మాట ఎత్తొద్దు.

అంకె గీత దాటితే

వారం బయట ఉంచిన సీసా 0.5 దాటిందనుకోండి. మీ ముందు నాలుగైదు దారులున్నాయి. జాడీలో ఇంకొన్ని రోజులు ఉంచి చక్కెర తగ్గించి, మరీ పులిసినదాన్ని చల్లని టీతో పలచన చేసుకోవచ్చు. పలచన చేశాక పీహెచ్ 4.2 కిందే ఉందో లేదో మళ్లీ చూడాలి. పండ్ల గుజ్జు బదులు అల్లం, తులసి, నిమ్మతొక్క లాంటి చక్కెర తక్కువ ఉన్నవి వాడొచ్చు. నింపేముందు జాడీని ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, ఈస్ట్ అడుగుకు చేరాక పైతేట మాత్రమే తీసుకోవచ్చు. ఇది ఖర్చులేని పని, తేడా కూడా బాగానే కనిపిస్తుంది, కానీ ఈస్ట్‌ను పూర్తిగా తీసేయదు. పూర్తిగా ఆపాలంటే సన్నటి ఫిల్టరు గానీ, పాశ్చరైజేషన్ గానీ కావాలి. పాశ్చరైజేషన్ చేస్తే సీసాలో బతికున్న సూక్ష్మజీవులు ఉండవు కాబట్టి ప్రొబయోటిక్ అన్న మాట లేబుల్ మీదనుంచి తీసేయాలి. వేడి చేయడం ఎప్పుడూ గ్యాస్ ఎక్కించడానికి ముందే జరగాలి, గ్యాస్ నిండిన గాజు సీసాను వేడినీళ్లలో పెడితే అది చేతిలోనే పేలొచ్చు.